అనురాగము - అసూయ : ఒక జర్మను చిత్రకథా విచారము

అనురాగము ఏకపక్షమైనచో అది రసము కాదనియు, రసాభాసమే యనియు మన ఆలంకారికులు నిర్ణయించిరి. కావ్యమున నీ నిర్ణయము సుకరమే. కాని అట్టి అనురాగము లోకమున ప్రాణహానికి దారితీయగా, ఆ వృత్తాంతమునే ఒక కళాకారుడు దృశ్యరూపమున ప్రదర్శించినచో సహృదయుడు పొందునది యేమి? ఒక జర్మను చలనచిత్రము ఆధారముగా నీ ప్రశ్నను మేమిచ్చట విచారింపదలచితిమి.

2004లో ఆహిమ్ ఫాన్ బోరీస్ దర్శకత్వమున వెలువడిన ఆ చిత్రము పేరునకు 'తలపులలోని ప్రేమ యెందులకు?' అని అర్థము చెప్పవచ్చును. దీనికి మూలము యథార్థవృత్తము. 1927 జూన్ 28వ తేదీన బెర్లిను నగరమందలి స్టెగ్లిట్స్‌లో, తల్లిదండ్రులు ఊరలేని వేళ, గ్యుంటర్ షెల్లర్ అను విద్యార్థి హాన్స్ స్టెఫాన్ అను యువకుని తుపాకితో కాల్చి, పిదప తన్ను తాను కాల్చుకొనెను. హాన్స్ గ్యుంటరు చెల్లెలగు హిల్డకు ప్రియుడు. హిల్డను వలచిన పౌల్ క్రాంట్స్ గ్యుంటరునకు సహాధ్యాయి. అతడును ఆ యింటనే యుండెను. తుపాకి యతనిదే. ఆ రాత్రి మిత్రులిరువురును వ్రాసిన లేఖలు 1928 ఫిబ్రవరిలో జరిగిన విచారణయందు అతనికి ప్రతికూలముగా నిలిచినవి. అయినను న్యాయస్థానము హత్యాభియోగమునుండి అతనిని విముక్తుని జేసి, అనుమతిలేని ఆయుధమును కలిగియున్నందులకు మాత్రము మూడువారముల కారాగారశిక్ష విధించెను.

చిత్రమున పౌలు హిల్డను కోరును. హిల్డ హాన్సును కోరును. గ్యుంటరును హాన్సునే కోరును. ప్రేమకై తప్ప జీవింపరాదనియు, అది తొలగినచో దానిని హరించినవారితో గూడ మరణింపవలెననియు మిత్రులు ప్రతిన పూనుదురు. లక్షణముచే నిదియెల్ల శృంగారాభాసమే. సంచారిభావముగా వచ్చిపోవలసిన అసూయ ఇచ్చట స్థాయిపదవి నాక్రమించినది. అయినను చూపరికి కలుగునది జుగుప్స కాదు, కరుణము.

దీనికి హేతువు కథానిర్మాణమున గలదని మా యభిప్రాయము. చిత్రము పౌలును రక్షకభటులు ప్రశ్నించుటతో ఆరంభమగును. కథాంతము ముందే తెలిసిన చూపరి 'ఏమి జరుగునో' యని కాక, 'ఎచ్చట ఆగియుండవచ్చునో' యని చూచును. ప్రతి సన్నివేశమునను అట్టి చోటు కలదు: ఒక మాట వెనుకకు తీసికొన్నను, ఒక తలుపు తెరచినను చాలును. ఎవ్వరును దుష్టులు కారు. ఆడినమాటను లీలగా గాక సత్యముగా పట్టుకొనుటయే వారి దోషము. ఆ తప్పింపదగిన వినాశమే కరుణమునకు ఆలంబనము.

బ్రతికిన పౌలు ఎర్నస్ట్ ఎరిష్ నోట్ అను పేర రచయిత యయ్యెను; 1931లో నవల ప్రకటించెను; 1933లో నాజీల పాలన రాగా స్వదేశమును వీడెను; 1983లో గతించెను. తలపులలోని ప్రేమ యెందులకన్న ప్రశ్నకు ఆ జీవితమే యొక సమాధానము. తలపు తుపాకి పట్టినచో నాశనము. లేఖిని పట్టినచో సాహిత్యము. రసాభాసమును బోధించునపుడు, లక్షణముకడ నిలిచిపోక, ఆభాసమునుండియు నిజమైన రసము పుట్టు మార్గమును విద్యార్థులకు చూపుట యుక్తము.