సీసం బ్యాటరీ నుంచి లిథియంకి: ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల సంగతేంటి?

ఎంఏహెచ్ ఎంత, ఎన్ని వాట్ల ఛార్జింగ్ అని రోజూ మాట్లాడుకుంటాం. ఆ సెల్ తయారుచేసేవాళ్ల ఉద్యోగాల గురించి మాత్రం మాట్లాడం. ఈసారి అదే చూద్దాం.

ముందు స్వీడన్. టెస్లాలో పనిచేసొచ్చిన పీటర్ కార్ల్‌సన్ 2016లో మొదలుపెట్టిన కంపెనీ నార్త్‌వోల్ట్. యూరప్ మొత్తం దాని మీదే ఆశ పెట్టుకుంది. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డర్ రద్దు చేసుకుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 1,600 ఉద్యోగాల కోత అన్నారు. 2025 మార్చిలో దివాలా. డబ్బు లేక మొదలైన సమస్య కాదిది, సెల్స్ అనుకున్నన్ని రాకపోవడమే అసలు జబ్బు. లిథియం సెల్ అంటే తేమ దాదాపు లేని డ్రై రూమ్‌లో, పల్చటి లోహపు రేకు మీద వెంట్రుక మందాన సమంగా పూత వెయ్యాలి. కాస్త తేడా వచ్చినా స్క్రాపే.

ఇక మన దగ్గరికొద్దాం. ఆమరాన్ బ్యాటరీలు తెలియనివాళ్లుండరు. తిరుపతి దగ్గర కరకంబాడిలో సీసం బ్యాటరీలతో ఎదిగిన అమరరాజాకి 2021 ఏప్రిల్‌లో కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులిచ్చింది. హైకోర్టు వారంలోనే వాటిని నిలిపేసింది కాబట్టి ఫ్యాక్టరీ నిలబడింది. 2022 డిసెంబర్‌లో అదే కంపెనీ లిథియం ప్లాంటును మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ప్రకటించింది: పదేళ్లలో 9,500 కోట్లు, 16 గిగావాట్ అవర్ల సెల్స్. మన భాషలో చెప్పాలంటే, 5000 ఎంఏహెచ్ ఫోన్లు 80 కోట్లకు పైగా ఒకసారి ఫుల్ ఛార్జ్ అయ్యేంత! 2023లో పేరులోంచి ‘బ్యాటరీస్’ తీసేసి ‘ఎనర్జీ అండ్ మొబిలిటీ’ అని పెట్టుకుంది. 2024లో ఎల్ఎఫ్‌పీ టెక్నాలజీకి చైనా కంపెనీ గోషన్ గ్రూపుతో ఒప్పందం చేసుకుంది.

మా పామిడిముక్కల వైపు నుంచి సీసం ప్లేట్ల పనికి వెళ్లిన ఒక అన్న నన్నడిగింది ఒకటే: ఇంత అనుభవం కొత్త ప్లాంటులో పనికొస్తుందా అని. పూర్తిగా రాదు. పేస్టింగ్, యాసిడ్ నింపడం అక్కడుండవు. ఛార్జింగ్, టెస్టింగ్, క్వాలిటీ లైన్లలో పనిచేసినవాళ్లకు దారి కాస్త సులువు. అయితే సీసం రేపే పోదు. ఇన్వర్టర్లలోనే కాదు, చాలా ఈవీ కార్లలో కూడా చిన్న 12 వోల్టుల సీసం బ్యాటరీ ఇంకా ఉంది.

ఐటీఐ చదువుతున్న తమ్ముళ్లూ, పీఎల్‌సీ, సెన్సార్ల క్యాలిబ్రేషన్ ఇప్పుడే పట్టండి. సెల్ లైన్లలో ఎక్కువ పని యంత్రాలదే, వాటిని చూసుకునేవాళ్లే కావాలి.