సివిల్ ఇంజనీర్లకి ఆన్‌లైన్ క్లాస్ చెప్తున్నారా? కల్వర్టుతో మొదలుపెట్టండి!

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు వరదకి రోడ్లు ఎట్లా కొట్టుకుపోయాయో చూశాం కదా. అందుకే సివిల్ ఇంజనీర్లకి ఆన్‌లైన్ సెమినార్ చెప్పేవాళ్లకి నాదొక మాట: స్లైడ్లు చదివి వినిపించకండి, లెక్క చేయించండి.

100 హెక్టార్ల మీద పడ్డ వాన ఒకే కల్వర్టుకి వస్తుందనుకుందాం. గంటకి 36 మిల్లీమీటర్ల వాన, అందులో సగం పారుతుంది. అంటే సెకనుకి 5 క్యూబిక్ మీటర్లు, దాదాపు 177 క్యూసెక్కులు. వాన 72 మిల్లీమీటర్లయితే దీనికి డబుల్! మరి పాత పైపు సరిపోతుందా? చాట్‌లో వాళ్లనే చెప్పమనండి.

థియరీకైతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఫ్రీగానే ఉన్నాయి. మీ గంట టైమ్ మాత్రం మన ఊరి వాగుకి ఇవ్వండి. ఉంటా మరి!