మెట్ల పూజ వేళ మెదడు కాండం

తిరుమలకు నడిచి వెళ్లే అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. మొక్కు ఉన్నవాళ్లు మెట్ల పూజ చేసుకుంటూ ఎక్కుతారు. వంగి మెట్టుకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, లేచి, మళ్లీ పై మెట్టుకు వంగుతారు. లేచిన ప్రతిసారీ రక్తం కాళ్లవైపు జారి, తలకు అందేది ఒక్క క్షణం తగ్గుతుంది. అయినా చాలామందికి కళ్లు తిరగవు.

కారణం మెడలో మొదలవుతుంది. అక్కడి కెరోటిడ్ ధమని గోడలో, గుండె పైనున్న బృహద్ధమని వంపులో సాగుడును పసిగట్టే నాడీ కొనలుంటాయి. రక్తపోటు తగ్గగానే అవి పంపే సంకేతాలు పలచబడతాయి. ఆ కబురు మెదడు కాండం అడుగుభాగమైన మజ్జాముఖానికి చేరుతుంది. దాని ముందువైపున్న ఒక చిన్న కణాల గుంపు వెన్నుపాము ద్వారా సహానుభూత నాడులను ఉరికిస్తుంది. రక్తనాళాలు బిగుస్తాయి, గుండె వేగం పుంజుకుంటుంది. ఇదంతా కొన్ని సెకన్ల పని.

ఇది నాడుల కథ. ఇందులోకి ఒక హార్మోన్ కూడా వస్తుంది. ఎండలో చెమటపట్టి నీరూ ఉప్పూ పోయినప్పుడు మూత్రపిండాలు రెనిన్‌ను విడుదల చేస్తాయి. దానివల్ల రక్తంలో యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. రక్తనాళాలను బిగించేదీ, దాహం పుట్టించేదీ ఇదే. చాలాకాలం దీని పని రక్తనాళాల దగ్గరే అనుకున్నారు. 1961లో బికర్టన్, బక్లీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక కుక్క తలకు మరో కుక్క రక్తం అందేలా అమర్చారు. తలకూ మొండేనికీ మధ్య నాడుల సంబంధం మాత్రం ఉంచారు. తలకు వెళ్లే రక్తంలో యాంజియోటెన్సిన్ కలిపితే మొండెంలో రక్తపోటు పెరిగింది! హార్మోన్ మెదడుతో మాట్లాడుతోందన్నమాట.

ఎలా? రక్తంలోని పదార్థాలు మెదడులోకి చొరబడకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది. మజ్జాముఖం వెనకవైపు ఒక చిన్న చోట ఆ గోడ పలచన. హార్మోన్ సంకేతం అక్కడ అందుతుంది. మామూలుగా పోటు పెరిగితే గుండె నెమ్మదించాలి. యాంజియోటెన్సిన్ వల్ల పెరిగినప్పుడు అది అంతగా నెమ్మదించదు. కాపలాదారుడి చెవిలో దూది పెట్టినట్టే. చెమటోడ్చిన కాసేపటికి ఇది మేలే. ఏళ్ల తరబడి సాగితే అధిక రక్తపోటుకు ఊతం. కోపమొస్తే ‘నాకు బీపీ తెప్పించొద్దు’ అంటాం. బీపీలో నరాల పాత్రను మన నుడికారం ఎప్పుడో ఒప్పుకుంది.

లోసార్టాన్, టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్రలు అడ్డుకునేది ఈ యాంజియోటెన్సిన్ గ్రాహకాలనే. అందుకే వాటిని వాడేవాళ్లు ఉపవాసంతో, నీళ్లు తాగకుండా, మిట్టమధ్యాహ్నం కొండెక్కితే ఒంట్లో నీరు తగ్గిన వేళ పోటును నిలబెట్టే దన్ను కరువై కళ్లు తిరిగి పడిపోవచ్చు. అలాగని సొంతంగా మాత్ర మానడమూ ప్రమాదమే. క్లోనిడిన్‌ అయితే మరీ. మెదడు కాండంపై పనిచేసే ఆ మందును హఠాత్తుగా ఆపితే పోటు ఎగదన్నుతుంది. బీపీ ఉండి నడక మొక్కు పెట్టుకున్నవారు బయల్దేరే ముందు వైద్యుణ్ణి అడగండి. తెల్లవారుజామునే ఎక్కండి, నీళ్ల సీసా మరవకండి.