వదులైన బెల్టు - తప్పిన కొలత



తప్పు జరిగినప్పుడు దానిని దిద్దవలె ననెడి కోరిక అందరికిని కలుగును. కాని తప్పు ఎచ్చట నున్నదో తెలిసికొనక దిద్దబూనుట మరియొక తప్పునకు దారితీయును. ఈ మాటను మనము నీతివాక్యముగ పలుమారు విని యుందుము. గడచిన సంవత్సరము మన పనిగదిలోని చిన్న సి.ఎన్.సి. యంత్రము దానిని నాకు లెక్కలతో సహా నేర్పినది. ఆ సంగతిని చెప్పి, అట్టి యంత్రముల బెల్టులు వదులైనప్పుడును కొలతలు తప్పినప్పుడును పరీక్షింపవలసిన క్రమమును ఈ వ్యాసమున వివరింప దలచితిని.

సి.ఎన్.సి. యనగా అంకెలరూపమున నిచ్చిన ఆజ్ఞలను కంప్యూటరు గ్రహించి, కోయు పనిముట్టును నడిపించెడి యంత్రము. అమెరికాలో జాన్ పార్సన్స్ అనునతడు హెలికాప్టరు రెక్కల వంపులను అంకెలనుబట్టి కోయవచ్చునని తలపోసెను. ఆ తలంపును పెంపొందించి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 1952లో అట్టి యంత్రమును నడిపి చూపిరి. శూన్యనాళికలతో నిండిన ఆ నాటి యంత్రము కర్మాగారములకే తగినది. నేడైతే అరచేతిలో నిముడు చిన్న పలకయే ఆ పనిని చేయుచున్నది. నార్వే దేశస్థుడగు సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ 2009లో వెలువరించిన గ్రబ్‌ల్ అను ప్రోగ్రాము అందరికిని ఉచితముగా లభించుటచేత, పాఠశాలలును గృహస్థులును సయితము ఇట్టి యంత్రములను నడుపుకొన గలుగుచున్నారు.

మన యంత్రము నడచు విధమును ముందుగా తెలిసికొందము. ఎడమకుడులకు కదలు ఎక్స్ దిక్కునకును, ముందువెనుకలకు కదలు వై దిక్కునకును జి.టి. 2 అనెడి పండ్ల బెల్టులు కలవు. ఈ బెల్టున ఒక పంటినుండి మరియొక పంటికి గల దూరము 2 మి.మీ. మోటారు ఇరుసునకు బిగించిన పుల్లీకి 20 పండ్లున్నవి. కావున మోటారు ఒక చుట్టు తిరిగినయెడల, కోయు పనిముట్టును మోయు క్యారేజి 40 మి.మీ. కదలును. ఈ మోటారు నిరంతరముగ తిరుగక అడుగులు వేయుచు తిరుగును. ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు, అనగా చుట్టునకు 200 అడుగులు. మోటారును నడుపు డ్రైవరు ప్రతి అడుగును మరల 16 భాగములు చేయును గనుక చుట్టునకు 3200 చిన్న అడుగు లగును. 3200ను 40చే భాగింపగా 80 వచ్చును. మిల్లీమీటరునకు 80 అడుగులు. ఇదియే యంత్రమునకు మనము చెప్పియుంచు అంకె. పైకి క్రిందికి కదలు జెడ్ దిక్కున బెల్టు లేదు. చుట్టునకు 8 మి.మీ. జరుపు లీడ్ స్క్రూ కలదు. కావున అచ్చటి అంకె 400.

ఇచ్చట ఒక్క విషయమును గమనింపుడు. యంత్రము తాను పంపిన అడుగుల లెక్కనే యెరుగును. క్యారేజి నిజముగా అంత దూరము కదలినదో లేదో చూచుటకు దానికి కన్ను లేదు. బెల్టు వదులైనను, పుల్లీ జారినను, యంత్రము మాత్రము తన పని సరిగనే ముగిసినదని చెప్పును. కన్నుగా నుండవలసినది మనమే.

ఇక జరిగిన సంగతి వినుడు. ఒకటవ తరగతి పిల్లలు వ్రేలితో తడిమి అక్షరములు నేర్చుకొనుటకై ప్లైవుడ్డు పలకలపై తెలుగు అక్షరములు చెక్కింప నిశ్చయించితిమి. తొమ్మిదవ తరగతి విద్యార్థిని యొకతె వారము దినములు కూర్చుండి అక్షరములన్నిటిని కంప్యూటరులో గీచినది. మన లిపి గుండ్రనిదని మీరెరుగుదురు. సున్న మొదలు ఠకారమువరకు ఎచ్చట చూచినను వంపులే. పలకలు చెక్కబడి వచ్చునప్పటికి సున్న సున్నవలె లేదు. ఎత్తు 20 మి.మీ. సరిగ నున్నది, వెడల్పు 19.2 మాత్రమే. కుడియెడమల అంచులు చదునై యున్నవి. నేను తరగతి యెదుట ఆ బాలికను చూచి, "నీవు అజాగ్రత్తగా గీచితివి" అంటిని. "మాస్టారుగారూ, కంప్యూటరులో అది వృత్తముగనే యున్నదండి" అని ఆమె మెల్లగా చెప్పినది. నేను వినలేదు.

తరువాత చిత్రమును తెరచి చూడగా అది వృత్తమే. అప్పుడు నేను రెండవ తప్పు చేసితిని. ఎక్స్ దిక్కున 100 మి.మీ. కదలుమని యాజ్ఞాపించి కొలువగా 99.2 వచ్చినది. వెంటనే లెక్కవేసి 80 అను అంకెను 80.65గా మార్చితిని. మరల కొలువగా 100 సరిగ వచ్చినది. యంత్రము బాగుపడినదని సంతోషించితిని. మరునాడు చెక్కిన సున్న వెడల్పు 19.4 మి.మీ.; 200 ఉండవలసిన పలక అంచు 200.8! చిన్నది చిన్నదిగానే యుండగా పెద్దది మితిమీరినది.

అప్పుడా బాలికయే అంకెను మరల 80కి మార్చి, క్యారేజిని ఎడమకు తెచ్చి ఒక గీత చెక్కి, కుడికి నడిపి మరియొక గీత చెక్కి, వేరువేరు దూరములకు ఇట్లు కొలిచినది. 20కి 19.2, 100కి 99.2, 200కి 199.2. "మాస్టారుగారూ, దూరము పెరిగినను లోటు పెరుగుట లేదండి" అని చీటీ చూపినది. రోగమంతయు ఆ ఒక్క వాక్యములోనే యున్నది.

కొలత తప్పుట మూడు విధములు. మొదటిది, అంకె తప్పుట. పొట్టి గజముబద్దతో గుడ్డ కొలుచు వర్తకునివద్ద ప్రతి గజమునకును కొంత తరుగును. గజములు పెరిగినకొలది తరుగును పెరుగును. రెండవది, వదులు. బండికి కట్టిన మోకు వదులైనచో ఎద్దు ఒక అడుగు ముందుకు వేసిన పిమ్మటగాని బండి కదలదు. ప్రయాణము ఫర్లాంగైనను పదిమైళ్లైనను ఆ లోటు ఒక్కటే. అయితే దిక్కు మార్చినప్పుడెల్ల అది మరల కలుగును. సున్న చెక్కునప్పుడు క్యారేజి కుడి కొననుండి వెనుకకు మరలుచోట ఎక్స్ కొంతసేపు కదలక నిలిచెను. వై మాత్రము కదలెను. అందుచేతనే అంచులు చదునైనవి. మూడవది, జారుట. పుల్లీ ఇరుసుపై తిరిగిపోయినను, మోటారు బరువునకు తాళలేక అడుగులు తప్పినను, లోటునకు నియమముండదు; క్యారేజి బయలుదేరినచోటికి తిరిగి రాదు.

మాది రెండవ విధము. నేను దానికి మొదటి విధపు మందు వేసితిని. ఒక్క 100 మి.మీ.ల దూరమునకే పరీక్షించుటచేత నా తప్పు నాకు కనబడలేదు.

ఇట్టి సందర్భమున చేయవలసిన పరీక్షలను వరుసగా చెప్పెదను. యంత్రముపై చేయి వేయుటకు ముందు కోయు మోటారును ఆపి బిట్టును తీసివేయవలెను. చెక్కునప్పుడు కంటికి అద్దములు తప్పనిసరి.

మొదట చక్రములను చూడుడు. క్యారేజి తన పట్టాపై ఊగులాడినచో చక్రముల బిగువును సరిచేయవలెను. లేనియెడల బెల్టు ఎంత బిగించినను ఫలము లేదు. రెండవది పుల్లీ. దానిని ఇరుసునకు పట్టి యుంచు చిన్న స్క్రూలలో ఒకటి ఇరుసు చదునుభాగముపై నానుకొని యుండవలెను. ఎలెన్ కీతో బిగించి, పుల్లీమీదుగా ఇరుసుమీదికి సిరాతో ఒక గీత గీయుడు. కొన్ని దినముల తరువాత గీత విరిగి కనబడినచో పుల్లీ జారుచున్నదని తెలియును. మూడవది బెల్టు. మోటారునకు విద్యుత్తు నిచ్చి నిలిపి, క్యారేజిని చేతితో మెల్లగా అటునిటు నెట్టుడు. పుల్లీ కదలకుండగనే క్యారేజి కదలినయెడల బెల్టు వదులని గ్రహింపవలెను. పండ్లు అరిగినవో, లోపలి దారములు తెగినవో, కొనలను పట్టియుంచు బిగింపు సడలినదో చూడుడు. మా యంత్రమున సడలినది ఆ బిగింపే.

బెల్టును ఎంత బిగింపవలెను? వ్రేలితో మీటినప్పుడు తంబురా తీగవలె కొంచెము మ్రోగవలెను, వ్రేలాడరాదు. వై దిక్కున ఇరువైపుల రెండు బెల్టులున్న యంత్రములందు, రెంటిని సమానమగు పొడవునొద్ద మీటి స్వరము కలియునట్లు బిగించుట మంచిది. అతిగా బిగించుటయు దోషమే. అప్పుడు మోటారు ఇరుసుపైనను బేరింగులపైనను భారము పడి అవి త్వరగా అరుగును. మోటారు అడుగులు తప్పవచ్చును.

ఇవన్నియు ముగిసిన పిమ్మటనే అంకెను ముట్టవలెను. కొలుచునప్పుడు క్యారేజిని ఒకే దిక్కునుండి రెండు గీతలకును చేర్చుడు; మిగిలిన కొద్దిపాటి వదులు లెక్కలో చేరదు. సాధ్యమైనంత పొడవగు దూరమును తీసికొనుడు. చదువుటలో కలుగు చిన్న పొరపాటు పొడవుపై పంచబడి తగ్గును. పాత అంకెను ఆజ్ఞాపించిన దూరముచే గుణించి, నిజముగా కదలిన దూరముచే భాగించిన క్రొత్త అంకె వచ్చును. మేము బెల్టు బిగించిన తరువాత 150కి 150.15, 300కి 300.3 వచ్చినవి. బిగువువలన బెల్టు రవ్వంత సాగినదన్నమాట. ఈసారి తేడా దూరముతోపాటు పెరిగినది గనుక ఇది అంకెతో దిద్దదగిన తప్పే. 80ని 300చే గుణించి 300.3చే భాగింపగా 79.92 వచ్చినది. గ్రబ్‌ల్ ప్రోగ్రామున డాలరు గుర్తు ప్రక్కన 100, 101, 102 అను సంఖ్యలుగల మూడు చోట్ల ఎక్స్, వై, జెడ్ అంకెలు వరుసగా నుండును. మార్చుటకు ముందు పాత అంకెను కాగితముపై వ్రాసియుంచుట మరువకుడు.

కడపట మూలమట్టమును చూడవలెను. 300 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. పొడవు గల దీర్ఘచతురస్రమునకు నాలుగు మూలలయందు గురుతులు పెట్టించి కర్ణములు కొలువుడు. రెండును 500 చొప్పున నుండవలెను. భుజములు సరిగనుండి కర్ణములలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ యైనచో చట్రము వంకరగా నున్నది. అంకెలు మార్చి ప్రయోజనము లేదు. రేఖాగణితమున మీరు చదివిన పైథాగరసు సిద్ధాంతము ఇట్లు పనిగదిలో అక్కరకు వచ్చును.

క్రొత్త పలకలపై సున్న ఎటు కొలిచినను 20 మి.మీ. వచ్చినది. తరగతి యెదుట అన్న మాటను తరగతి యెదుటనే వెనుకకు తీసికొంటిని; ఆ బాలికను క్షమింపుమని యడిగితిని. ఆమె సిగ్గుపడి, వై దిక్కు ఇంకను కొలువలేదండి యని చెప్పి వెర్నియర్ కాలిపర్సు తీసికొని వెళ్లినది.

తల్లిదండ్రులారా, మన బిడ్డలు చేసిన పనిలో వంకర కనబడినప్పుడు, వారిని నిందించుటకు ముందు మనము వారి చేతికిచ్చిన పనిముట్టును ఒకసారి తడిమి చూతము. పిల్లలారా, మీ మాట నిజమని మీరెరిగినప్పుడు ఊరకుండకుడు. కొలిచి, చీటీపై వ్రాసి చూపుడు. ఇప్పుడు ఒకటవ తరగతి గదికి పోయినయెడల, పసివారు కన్నులు మూసికొని సున్నచుట్టు వ్రేలు త్రిప్పుచుండుట మీరు చూడవచ్చును. వ్రేలు ఎచ్చటను తట్టుకొనుట లేదు.