సరికి సరి అయితే మిగిలేది సున్నాయేనా?

మా మేనకోడలు అనువాదాలు చేస్తుంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, రెండు శక్తులు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి చూడు, దానికి తెలుగులో ఒక్క మాట చెప్పు" అంది. సమతౌల్యం అన్నాను. అది ఇప్పటికే నాలుగుచోట్ల వాడేసిందట, చదువుతుంటే తనకే నిద్రొస్తోందట.

ఒక్క మాట ఎందుకు కుదరదంటే, మనకున్నవి చాలా మాటలు. ఒక్కో రకం ఎదురుబొదురుకి ఒక్కోటి పెట్టుకున్నాం. ఏది ఎక్కడ పడుతుందో తెలియాలంటే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: అంతా అయ్యాక అక్కడ ఏం మిగిలింది?

కావడి సంగతి చూడండి. బద్దకు రెండు కొసలా రెండు బిందెలు, ఒక్కోదాంట్లో 15 లీటర్ల నీళ్లు. ఒకవైపే తగిలిస్తే బద్ద అటు ఒరిగి భుజం మీంచి జారిపోతుంది. రెండోవైపు కూడా తగిలించగానే నిలబడుతుంది. మరి బిందెలు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నట్టేనా? మోసేవాణ్ణి అడగాలి. అతని భుజం మీద 30 కిలోల నీళ్లున్నాయి, బిందెల బరువు అదనం. పోయింది ఒరుగుడు ఒక్కటే, బరువు మాత్రం కూడింది. ఆలుమగలు కావడికుండలంటారు. ఆ మాట అనేవాళ్లెవరూ భుజం ఎవరిదో చెప్పరు.

తాడు లాగే పోటీలోనూ అంతే. రెండు జట్లూ సమ ఉజ్జీలైతే తాడు మధ్య కట్టిన రుమాలు కదలదు, దూరం నుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. తాడు నడుమ ఒక స్ప్రింగు త్రాసు బిగించి, ఒక్కో జట్టూ 200 కిలోల బరువుకి సరిపడా బలంతో లాగిందనుకుందాం. త్రాసు ఎంత చూపిస్తుంది? 400 అంటారు కొందరు, సున్నా అంటారు మరికొందరు. చూపించేది 200. ఒక కొసను గోడకు కట్టేసి ఒక్క జట్టే లాగినా అంతే చూపిస్తుంది, ఎందుకంటే రెండో జట్టు పని గోడ చేస్తుంది. ఉజ్జీ అనే మాట నాకు ఇందుకే ఇష్టం. అందులో ఇద్దరూ మిగిలే ఉంటారు, రొప్పుతూ.

పాసంగం అనే మాట ఇప్పుడు తక్కువ వినిపిస్తోంది. తక్కెడ ఖాళీగా ఉన్నప్పుడే ఒక పళ్లెం కిందికి దిగితే, తేలిన వైపు చిన్న రాయి కట్టి సరిచేస్తారే, అది. లిఫ్టు వెనక తాళ్లకు వేలాడే ఇనుప దిమ్మెలు కూడా పెద్ద పాసంగమే. ఖాళీ లిఫ్టు బరువుకి, అది మోయగల బరువులో దాదాపు సగం కలిపి ఆ దిమ్మెలు కడతారు. అప్పుడు మోటారు లాగాల్సింది రెండు వైపులకీ మధ్యనున్న తేడానే.

'చెల్లుకు చెల్లు' వేరే జాతి. రైతు ఎరువుల కొట్టుకి 8,000 బాకీ ఉన్నాడు. ఆ కొట్టాయన రైతు దగ్గర 8,000 రూపాయల ధాన్యం కొన్నాడు. ఇద్దరూ పద్దులు కొట్టేసుకుంటారు. రూపాయి చేతులు మారదు, తాడులో ఉన్నట్టు బిగువేదీ మిగలదు. లెక్కల మేష్టారు సమీకరణంలో రెండంకెల మీద అడ్డగీత గీసి "కొట్టేయండి" అనేదీ ఈ అర్థంలోనే.

ఈ మాటను న్యూటన్ మూడో నియమం దగ్గరికి తీసుకెళితేనే చిక్కు. చర్యకు ప్రతిచర్య సమానం, దిశ ఎదురు. మరి రెండూ కొట్టేసుకుంటే ఎద్దు లాగిన బండి కదిలేదెలా అని ప్రతి తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. ఎద్దు బండిని లాగుతుంది, ఆ లాగుడు పడేది బండి మీద. బండి ఎద్దును వెనక్కి లాగుతుంది, అది పడేది ఎద్దు మీద. నా ఖాతాలో అప్పుని పక్కింటాయన ఖాతాలో జమతో కొట్టేయలేం కదా. బండి లెక్క బండికే వెయ్యాలి: ఎద్దు లాగుడు ముందుకి, చక్రాల దగ్గరి రాపిడి వెనక్కి. మొదటిది మించితే బండి కదులుతుంది. ఎద్దు లెక్కలో, గిట్టలు నేలను వెనక్కి తన్నితే నేల దాన్ని ముందుకు నెడుతుంది. బురదలో ఆ నెట్టుడు దొరకదు, అందుకే ఎంత బలమైన ఎద్దయినా అక్కడ చతికిలబడుతుంది.

ఇక విరుగుడు. పులుసులో చింతపండు ఎక్కువైతే మా అమ్మ బెల్లం ముక్క వేసి "పులుపు విరుగుతుందిలే" అనేది. నాలుక మీద నిజమే. గిన్నెలో మాత్రం చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఉన్నంతా అలాగే ఉంటుంది. తీపి పక్కన చేరితే దాని కాటు మనకు తక్కువగా తెలుస్తుందంతే. అదే గిన్నెలో వంటసోడా వేస్తే బుస్సున పొంగుతుంది. సోడా, ఆమ్లం కలిసి లవణంగా, నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మారిపోతాయి. పులుపు నిజంగానే విరుగుతుంది, దాంతోపాటు పులుసూ పాడవుతుందనుకోండి. పుస్తకాల్లో దీన్ని తటస్థీకరణం అంటారు. ఎదురుపడ్డ రెండూ పోయి, కొత్తవి మిగులుతాయి.

ఇదంతా విన్నాక మేనకోడలు అసలు వాక్యం చదివింది. విమాన ప్రయాణంలో వదిలిన కార్బన్ డయాక్సైడుకి సరిపడా మొక్కలు నాటడం గురించి. "అయితే చెల్లు అని వేసేయనా?" అంది. విమానం వదిలింది ఆ పూటే గాలిలో కలిసింది. మొక్క దాన్ని పీల్చుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఈలోగా చెట్టు కాలిపోతే పీల్చిందీ తిరిగి గాలిలోకే పోతుంది. చీటీ రాసిచ్చారు గానీ ఇంకా చెల్లు కాలేదన్నాను.

కాసేపు ఆగి, "పోనీ, బదులు?" అంది.

అది బాగుందన్నాను. చేబదుల్లో ఉన్న బదులే కదా అది, ఇంకా తీర్చాలి.