పల్లవి అందుకునే సంఘం

క్రైస్తవ ఆరాధనలో పాటకు ప్రసంగంతో సమానంగా పీట వేశారు. దానికి మూలం బైబిల్లోని కీర్తనల గ్రంథం. అందులోని 150 కీర్తనల్లో చివరిది బూర, స్వరమండలం, సితార, తంబుర, పిల్లనగ్రోవి, తాళాలు అంటూ వాద్యాలను పేరుపేరునా పిలుస్తుంది, నాట్యాన్నీ వదలదు. మధ్యయుగాల ఐరోపాలో ఆరాధన గానం లాటిన్‌లో సాగుతూ, చాలావరకు గురువులకూ గాయక బృందాలకూ పరిమితమైంది. 16వ శతాబ్దిలో మార్టిన్ లూథర్ జర్మన్ భాషలో పాటలు రాసి, పాడే భాగ్యాన్ని సంఘమంతటికీ పంచాడు.

తెలుగునాట ఆ పని కీర్తన చేసింది. మిషనరీలు ఆంగ్ల గీతాలను అనువదించి అవే బాణీల్లో పాడించారు. అయితే ఆంగ్ల పాట ఊనికల మీద నడిస్తే, తెలుగు మాట గురులఘువుల మీద నడుస్తుంది. బాణీకి సరిపెట్టబోతే హ్రస్వం సాగుతుంది, దీర్ఘం కుంచించుకుపోతుంది, అర్థం చెవికి అందకుండా పోతుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు ఈ చిక్కును విప్పారు. భజనల ద్వారా జనానికి అలవాటైన రాగతాళాల్లోనే క్రీస్తును కీర్తించారు.

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట తలపైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. ముందు నిలిచినవారు చరణం ఎత్తుకుంటే, సంఘం పల్లవి అందుకుంటుంది. హార్మోనియం, తబలా లేదా డోలక్, చేతిలో తాళాలు ఉంటే చాలు. అక్షరం రాని కూలి తల్లులకు సైతం వేదాంతం ఇలా కంఠతా వచ్చింది. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు సిద్ధాంతాల్లో వేరైనా ఈ కీర్తనల్లో ఒక్కటయ్యాయి. కాథలిక్ చర్చిలో రెండో వాటికన్ మహాసభ 1963లో వెలువరించిన ఆరాధన శాసనం మాతృభాషకూ స్థానిక సంగీతానికీ తలుపులు తెరిచింది. ఆ తర్వాత దివ్యబలిపూజ తెలుగులో సాగింది.

చెవికి పాట ఎలాగో, కంటికి చిత్రకళ అలాగ. కరవు కాలంలో పేదలకు పనీ తిండీ కల్పిస్తూ మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. అందులోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు క్రీస్తు జననాన్ని, సిలువ మరణాన్ని, ఆరోహణాన్ని చూపుతాయి. బయటి నుంచి చూస్తే నల్లగా కనిపించే ఆ అద్దాలు, లోపల నిలబడితే పగటి వెలుగుతో రంగులీనుతాయి. చదువు లేనివారికీ సువార్త కళ్లకు కడుతుంది. బుర్రకథ, హరికథ, కోలాటం, క్రిస్మస్ నాటికలు చేసేదీ ఇదే పని. బైబిల్ కథ ఊరి యాసలో, ఊరి అడుగులో జనం మధ్యకు వస్తుంది.

నేటి ఆరాధనలో కీబోర్డు, గిటార్, రిథమ్ ప్యాడ్ చేరాయి. సినీ బాణీల ఛాయలూ పడ్డాయి. కొత్త వాద్యంతో తంటా లేదు. ఒకనాడు హార్మోనియం కూడా పరాయిదే. స్పీకర్ల హోరులో సంఘం గొంతు మునిగిపోతేనే నష్టం. అప్పుడు పాడాల్సినవారు శ్రోతలుగా మిగులుతారు, ఆరాధన కచేరీ అవుతుంది. గాయకుడి ప్రతిభ ఎంత గొప్పదైనా, వెనక వరుసలో కూర్చున్న ముసలమ్మ పల్లవి అందుకోగలిగినప్పుడే ఆ సంగీతం ఆరాధనకు పనికొచ్చినట్టు.