కథాలోకమున సహకారము

ఈ సంవత్సరపు సంచిక కొఱకు విద్యార్థులు మాకొసంగిన కథలలో నొకటి మమ్ము కొంత చిక్కున బెట్టినది. వ్రాసినవాడు తొమ్మిదవ తరగతి బాలుడు. కథారంభముననే విక్రమార్కుడు చెట్టుపైనుండి శవమును దింపి భుజమున వైచుకొని శ్మశానము వంక నడచుచున్నాడు. శవములోని బేతాళుడు నోరు విప్పుచున్నాడు. ఇంతవఱకు చదివి మా సంఘములోని యొక యుపాధ్యాయులు కాగితమును బల్లపై నుంచి, ఇది పరుల సొత్తనియు, దీనిని మన సంచికలో నచ్చువేయుట తగదనియు జెప్పిరి. మఱియొకరు, పూర్తిగా జదివినపిమ్మట మాటలాడుడనిరి. చదివితిమి.

కథ మన గోవాడ ప్రాంతమునకు సంబంధించినదే. ఒక రైతు చెఱకు నరకవలసిన కాలమున జ్వరముతో మంచము పట్టినాడు. పొరుగు రైతు, ఎవరును అడుగకయే, ఆ తోటను నరికించి, తన బండ్లపై దోలించి, గానుగాడించి, బెల్లము వండించి దాచినాడు. ఆ యేడు బెల్లపు ధర అనూహ్యముగా బెరిగినది. రోగి కోలుకొని వచ్చి కూలిడబ్బు లెక్కగట్టి యిచ్చినాడు. పొరుగువాడు, నేను లేనిచో నీ చెఱకు చేనిలోనే యెండిపోయెడిది గావున సగము బెల్లము నాదియే యనినాడు. బెల్లమెవరిదని బేతాళుని ప్రశ్న. అడుగక చేసినంతసేపు అతడు స్నేహితుడు. వాటా యడిగిన నిమిషమున కూలివాడైనాడు. కూలివానికి కూలియే చెల్లునని విక్రమార్కుని సమాధానము.

ఈ సమాధానము మాకందఱకును సమ్మతము కాలేదు. కాని కథ దొంగిలింపబడినదను మాట మాత్రము అక్కడితో బలహీనపడినది. ఒక శనివారము మధ్యాహ్నము గ్రంథాలయపు గదిలో ఆ బాలుని గూర్చుండబెట్టి, చదివినవారినందఱిని బిలిచి, వలసిన ప్రశ్నలడుగుడని చెప్పితిమి. ఆనాటి ప్రసంగమును, దానికి మేము చేర్చి చెప్పిన సంగతులను, తల్లిదండ్రులకును మిషను పెద్దలకును గూడ తెలియుటకై యిచట వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్న వాని స్నేహితునిది: "ఏమోయి, రాజును, బేతాళుని నీవు పుట్టించినావా?" లేదని బాలుడు తలయూపెను. మఱి యెవరు పుట్టించిరి? వానికి దెలిసినది చందమామ యొకటియే. ఇంటివద్ద అటకపైనున్న పాత సంచికలను చదివి వాడు కథ నేర్చినాడట.

నిజమునకు ఈ కథల వేరు చాల లోతైనది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు సోమదేవుడు సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరములో బేతాళకథలున్నవి. అందు రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఒక కపట భిక్షువు మాట నమ్మి రాజు శవమును దేబోవును. దారిలో బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. తెలిసియు జెప్పకున్న రాజు తల పగులును. చెప్పిన మౌనభంగమై శవము తిరిగి చెట్టెక్కును. సోమదేవునికి బిమ్మట దేశభాషలన్నిటను ఎందఱో ఈ కథలను తిరిగి చెప్పిరి. ఇవి యొక్కరి సొత్తు కావు.

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసున చందమామను స్థాపించిరి. కొంతకాలమునకు బేతాళకథలు అందు నెలనెలయు వెలువడసాగెను. పాత కథలు పాతికలోపుననే తీరిపోవునుగదా! అటుపిమ్మట పత్రిక వారు క్రొత్త కథలను అదే చట్రమున బిగింపసాగిరి. పాఠకులు పంపిన కథలను గూడ సంపాదకవర్గము దిద్ది, చివర నొక ధర్మసందేహమును జేర్చి, బేతాళుని నోట బలికించెను. ఇట్లు వందలకొలది కథలు వెలువడినవి. 1952 మొదలు 1980లో తాను మరణించువఱకు ఆ పత్రికను దీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు హేతువాదులు. దయ్యములను నమ్మినవారు కారు. అయినను బేతాళుని ఆయనంత శ్రద్ధగా బోషించినవారు అరుదు. దయ్యము కథలో నున్నంతమాత్రమున కథ దయ్యముల కొఱకు కాదనుటకు, ఇంటిలో నిట్టి పుస్తకములు చూచి కలవరపడు తల్లిదండ్రులకు మేమీ యొక్క సంగతిని జెప్పుచుందుము.

ఒక లోకమును ఒకడు గాక పలువురు కలిసి నిర్మించి, ఎవరికి వారు అందు కథలు నడపుటను ఇతర దేశములవారు ఈమధ్య క్రొత్తగా గనుగొన్నట్లు చెప్పుకొనుచుందురు. అమెరికాలో రాబర్ట్ ఆస్ప్రిన్ అనునాయన 1979లో ఒక కల్పిత నగరమును ఏర్పఱచి, అందు దలకొక పాత్రను సృజించి కథ వ్రాయుడని తోడి రచయితలను బిలిచెను. ఒకరి పాత్రను వేఱొకరు తమ కథలోనికి దీసికొనవచ్చును. కాని సృజించినవాని యనుమతి లేక దానిని చంపరాదు. మా విద్యార్థులీ నియమమును విని నవ్విరి. మాకు మాత్రమిది మిక్కిలి యుక్తముగా దోచినది. అందఱిదియైన యింటిలో నొకడు స్తంభమును నరకినచో గప్పు అందఱి మీదను గూలును.

పదవ తరగతి బాలిక యొకతె యడిగిన ప్రశ్న ఆనాటి ప్రసంగమునకు ప్రాణము. "తమ్ముడూ, నీ కథలో రాజు ఊరకుండిన బాగుండెడిది గదా? ఎవరి న్యాయము వారిదని మనమే వాదించుకొనెడివారము." బాలుడు కొంతసేపాలోచించి, "రాజు ఊరకుండిన కథ అయిపోవును అక్కా. రేపు వ్రాయువారికి ఏమియు మిగులదు" అనెను.

వాడు సోమదేవుని చదివినవాడు కాడు. అయినను సరియైన చోటనే వ్రేలు పెట్టినాడు. మూలమున రాజు నిజముగానే యొకసారి మౌనము వహించును. తండ్రీకొడుకులిద్దఱు అడవిలో రెండు జతల యడుగుల జాడలు చూచి, పెద్దపాదములది తల్లియని, చిన్నపాదములది కూతురని తలంచి, తండ్రి పెద్దపాదములదానిని, కొడుకు చిన్నపాదములదానిని వివాహమాడ నొడంబడిరి. తీరా చూచిన పెద్దపాదములది కూతురు, చిన్నపాదములది తల్లి! మాట తప్పక తండ్రి కూతురును, కొడుకు తల్లిని బెండ్లాడిరి. వారికి బుట్టిన బిడ్డలు ఒకరికొకరేమగుదురు? రాజునకు దోచలేదు, ఊరక నడచెను. అంతట బేతాళుడు సంతసించి భిక్షువు కపటమును దెలిపెను, కథ ముగిసెను. చందమామలో రాజు నెలనెలయు సమాధానము చెప్పుచునే యుండెను. శవము నెలనెలయు జెట్టెక్కుచునే యుండెను. ఆ మౌనము వాయిదా పడుటచేతనే అన్ని వందల కథలకు చోటు చిక్కినది. బహుకర్తృకమైన కథాలోకమునకు ముగింపు తెలిసియుండవలెను, కాని రాకూడదు. (ఆ పిల్లల వరుస యేమిటో తేల్చవలెనని ఆనాడు మేము చేసిన ప్రయత్నమున నల్లబల్ల నిండినది, గంట మ్రోగినది, వరుస తేలలేదు.)

క్రొత్తవాడు ప్రవేశించుటకు వలసినది సందు. ఈ మాటను మహాభారతముకంటె బాగుగ జూపునది లేదు. శశిరేఖ వ్యాసభారతమున లేదు. ఆమెను, అభిమన్యునితో నామె పెండ్లిని చెప్పుకొన్నది మన జనులు. 1936లోనే ఆ కథ తెలుగు చలనచిత్రమైనది. 1957లో చందమామను స్థాపించిన ఆ నాగిరెడ్డి చక్రపాణులే, కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున, మాయాబజారుగా దానిని దీసిరి. అందు ఘటోత్కచుడు భీముని కొడుకుగానే యున్నాడు, కౌరవులు కౌరవులుగానే యున్నారు. యుద్ధము ఫలితము మాఱలేదు. వ్యాసుడు చెప్పక విడిచిన చోట కథ నిలుచున్నదేగాని, చెప్పినదానిని ద్రోసి నిలువలేదు. అందుచేతనే భారతమును గౌరవించు వృద్ధులును దానిని సంతోషముతో జూచిరి.

ఇక రచయిత పేరు సంగతి. గోవాడ యనగానే దూరస్థులకు స్ఫురించునది రైతులు సహకార పద్ధతిని స్థాపించుకొన్న చక్కెర కర్మాగారము. అన్ని చేల చెఱకును గలిసి యొక్క రసమగును. బస్తాలోని చక్కెరను జూచి యిది ఫలానావాని చేనిదని చెప్పగలవాడు లేడు. అయినను కాటావద్ద బండి తూగినప్పుడు చీటిపై రైతు పేరు వ్రాయుదురు. పేరు వ్రాయని కాటాకు మన రైతు బండి తోలునా?

ఎఱ్ఱన తోలినాడు. నన్నయ ఆది సభాపర్వములను, అరణ్యపర్వమున గొంతయు దెనిగించి విడిచెను. తిక్కన విరాటము మొదలు పదునైదు పర్వములను రచించెను. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషమును పదునాలుగవ శతాబ్దమున బూరించిన ఎఱ్ఱన తన పేరును వెనుకకు నెట్టి, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రునికే దానిని జెందునట్లు నడపెను. మొదట నన్నయ పోకడను, పోనుపోను తిక్కన పోకడను దోపించినాడని పండితులు మెచ్చుదురు. ఇది ఆయన బుద్ధిపూర్వకముగా జేసిన త్యాగము.

దాసరి సుబ్రహ్మణ్యముగారి విషయము వేఱు. 1952లో చందమామలో జేరిన యీయన 1954లో తోకచుక్కతో నారంభించి పండ్రెండు జానపద ధారావాహికలు వ్రాసిరి. మాంత్రికులు, కొండజాతులవారు, వింతమృగములు, శిథిలనగరములు గల ఆ లోకమున కథకు కథకు పోలికలుండెడివి. రాతిరథమున దిరిగిన ఖడ్గవర్మ జీవదత్తులు యక్షపర్వతమున మరల గనబడుదురు. చిత్రా గారి బొమ్మలు ఆ లోకమునకు రూపు గట్టినవి. కాని ధారావాహికపై రచయిత పేరు వేయు నాచారము ఆ పత్రికకు లేదు. రెండుమూడు తరముల బాలురు శిఖిముఖిని, విక్రమకేసరిని ఎఱుగుదురు. వారిని నడపించినవానిని ఎఱుగరు. ఆ బాలురు పెద్దవారై, ఎవరు వ్రాసిరని విచారించి, ఆయన వృద్ధాప్యమున వెదకి పట్టుకొని ప్రశ్నలడిగిరి. 2010 జనవరిలో ఆయన కాలధర్మము నొందెను. 2013 నాటికి పత్రిక ముద్రణయు నాగిపోయెను. ఇంకను కొంత యాలసించియుండిన ఆ ప్రశ్నలడుగుటకు మనిషి యుండెడివాడు కాడు. పత్రిక నంతగా ప్రేమించు మేమును ఈ యొక్క విషయమున దానిని సమర్థింపజాలము.

పాఠకులు అడుగుటకును, రచయిత బదులు చెప్పుటకును అవకాశమున్నప్పుడు ఏమి జరుగునో సి. ఎస్. లూయిస్ లేఖలు చూపును. మిషను పెద్దలకీయన పరిచితుడే. 1950 మొదలు 1956 వఱకు ఏడు పుస్తకములుగా వెలువడిన నార్నియా కథలను జదివి ప్రపంచము నలుమూలలనుండి పిల్లలాయనకు జాబులు వ్రాసిరి. 1955లో ఒక తల్లి, తన తొమ్మిదేండ్ల కుమారుడు ప్రభువైన యేసుకంటె అస్లాను అను సింహమునే యెక్కువగా బ్రేమించుచున్నాడని భయపడుచున్నట్లు తెలిపెను. సింహము చేసిన యే పనులను బిడ్డ ప్రేమించుచున్నాడో అవి యేసు చేసిన పనులే గావున భయపడవలదని లూయిస్ సమాధానమిచ్చెను. రెండేండ్లకు ఆ బాలుడే, పుస్తకములను ఏ వరుసను చదువవలెనని తల్లితో వాదించి తీర్పు కోరెను. ముందుగా నేనేమియు వరుస యేర్పఱచుకొనలేదని యొప్పుకొనుచు లూయిస్ బాలుని పక్షమునే మొగ్గెను. 1962లో మఱియొక బాలికకు, నార్నియా చరిత్రలో నేను విడిచిన సందులున్నవి, సూచనలును విడిచినాను, వానిని నీవే కథలతో నింపరాదా యని వ్రాసెను. ఆ మఱుసటి సంవత్సరమే యాయన మరణించెను. తన లోకపు తలుపును బిడ్డలకై తీసియుంచి వెళ్లిన యజమాని!

అయితే ఇంటివద్ద వ్రాసికొనుట వేఱు, అచ్చువేయుట వేఱు. ఒకరి పాత్రలతో గథ వ్రాసి ప్రకటింపవలెనన్న హక్కుదారుల యనుమతి కావలెను. శిఖిముఖితో నింకొక కథ వ్రాసితెచ్చెదనని లేచిన యేడవ తరగతి బాలునికి, వ్రాయుము, మేము చదివెదము, సంచికలో వేయుట మాత్రము వేఱు సంగతియని చెప్పవలసివచ్చెను. వాడు నిరుత్సాహపడినట్లు కనబడలేదు. మఱునాడే రెండు పుటలు తెచ్చెను. బేతాళునికి ఆ యడ్డంకి లేదు. సోమదేవుని కాలమునుండి వాడు అందఱి భుజములను ఎక్కుచున్నాడు.

చివరకు మా సంఘము నిశ్చయము. మొదట నాక్షేపించిన యుపాధ్యాయులే ఒక సవరణ కోరిరి: ఇది ప్రాచీనమగు బేతాళకథల చట్రమున వ్రాయబడినదని యొక వాక్యము పైన జేర్చవలెను. బాలుడు సంతోషముతో సమ్మతించెను. రాజుగారి తీర్పును మార్చుకొందువా యని కూడ అడిగితిమి, ఏలయన మాలో ముగ్గురు పొరుగు రైతు పక్షమున నుండిరి. మార్చనని చెప్పినాడు. పొరుగువానికి సగము బెల్లమిప్పింపగోరువారు వేఱొక కథ వ్రాసికొనవచ్చునట. శవము మరల జెట్టుపైననే యున్నదట.

కథ ఈ సంచికలోనే యున్నది. చందమామ రచయితలకు దక్కనిది వీనికి దక్కవలెనని పేరును పెద్ద అక్షరములతో వేయించితిమి.